పోకెమాన్ ఆటలో లక్సియో కరెంటు క్వాగ్‌సైర్‌కి ఎందుకు తగల్లేదు? ఈ టైపుల లెక్క ఎవరైనా చెప్పండి

బ్రాడీపేట_4వలైను:
సెలవులకి వచ్చిన మా పిన్ని కొడుకు తన నింటెండో స్విచ్ (వీడియో గేమ్ మెషిన్) మా ఇంట్లో వదిలేసి వెళ్లాడు. గుంటూరు ఎండకి ఎలాగూ బయటికి కాలు పెట్టలేం కదా అని పోకెమాన్ బ్రిలియంట్ డైమండ్ మొదలుపెట్టాను. పోకెమాన్ అనే జీవుల్ని పట్టి పోటీకి దింపే ఆట, ఒక్కోదానికి నీరు, మంట, గడ్డి లాంటి టైపులు ఉంటాయి. నీళ్లు మంటని, మంట గడ్డిని, గడ్డి నీళ్లని కొడతాయని మొదటి రోజే అర్థమైంది, ఇంకేముంది ఆట వచ్చేసిందనుకున్నా. ఇప్పుడు క్రాషర్ వేక్ అనే లీడర్‌తో పోటీపడే జిమ్ దగ్గర మూడు రోజుల నుంచి ఇరుక్కుపోయి ఉన్నా.

ఆయనవన్నీ నీటివే కదా అని నా కరెంటు పోకెమాన్ లక్సియోని ముందు దింపా. ఆయన గ్యారడోస్ రెండు స్పార్కులకే (కరెంటు దెబ్బ) పడిపోయింది. తర్వాత క్వాగ్‌సైర్ వచ్చింది, అదీ నీటిదే, అదే స్పార్క్ కొడితే అసలు తగలనే లేదు! అది తిరిగి కొట్టేసరికి లక్సియో పోయింది. మంట టైపు మాన్‌ఫెర్నోని పంపా, అదీ పోయింది (నవ్వకండి). పోనీ బైట్ కొట్టిద్దామని ఇంకోసారి ప్రయత్నించా, లక్సియో కరెంటుది కాబట్టి అది కొరికినా నీటివాటికి గట్టిగా తగలాలి కదా? మామూలుగానే తగిలింది. రోజీలియా కూడా ఉంది గానీ అది సగం పాయిజన్, పాయిజన్‌కి గ్రౌండ్ (నేల) దెబ్బ గట్టిగా తగులుతుందని ఎక్కడో చదివి, వాడనివాటిని దాచే పెట్టెలో పెట్టేశా.

నెట్‌లో ఏ టైపు దేన్ని కొడుతుందో చెప్పే పట్టిక తీస్తే అడ్డం 18, నిలువు 18, మొత్తం 324 గళ్లు. ఇంటర్‌లో పీరియాడిక్ టేబుల్‌కి కూడా ఇంత టెన్షన్ పడలేదు. ఇదంతా బట్టీ పట్టాల్సిందేనా?

బెజవాడ_వైర్‌మ్యాన్:
తమ్ముడూ, ముందు ఆ పట్టిక మూసెయ్. కొట్టేటప్పుడు చూడాల్సింది నీ పోకెమాన్ ఏ టైపు అని కాదు, నువ్వు వాడే మూవ్ (దెబ్బ) ఏ టైపు అని. బైట్ డార్క్ మూవ్. లక్సియో కొరికినా ఇంకోటి కొరికినా అది డార్కే, నీటివాటికి మామూలుగానే తగులుతుంది. నీ పోకెమాన్ టైపు దెబ్బ తినేటప్పుడు లెక్కలోకి వస్తుంది, ఇంకా తన టైపు మూవ్ తనే వాడితే దెబ్బ ఒకటిన్నర రెట్లు పడుతుంది, అంతే.

ఇక క్వాగ్‌సైర్ సంగతి. దానికి రెండు టైపులు, వాటర్, గ్రౌండ్. కరెంటు తీగ గుండా నేలలోకి దిగిపోతే మనిషికి ఏమీ కాదు, ఇళ్లకి ఎర్తింగ్ వేసేదే అందుకు. ఆటలో కూడా ఎలక్ట్రిక్ దెబ్బ వాటర్ మీద 2 రెట్లు, గ్రౌండ్ మీద 0. ఈ రెంటినీ గుణించాలి, కూడకూడదు, కొత్తవాళ్లందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. కాబట్టి సున్నా. అదే గ్యారడోస్ అయితే వాటర్, ఫ్లయింగ్. రెంటి మీదా ఎలక్ట్రిక్ 2, అంటే 4, దానికి లక్సియో సొంత టైపు ఒకటిన్నర గుణిస్తే 6. బైట్ పవర్ 60, స్పార్క్ పవర్ 65, చూడ్డానికి రెండూ ఒకటేలా ఉంటాయి, పడేటప్పుడు తేడా అంత వస్తుంది.

రోజీలియాని పెట్టెలో పెట్టావని చదివి నిజంగా తల పట్టుకున్నా. గ్రౌండ్ దెబ్బ పాయిజన్ మీద 2 మాట నిజమే, కానీ దానిలో గ్రాస్ కూడా ఉంది కదా, గ్రాస్ మీద గ్రౌండ్ సగమే. రెండూ గుణిస్తే ఒకటి, అంటే మామూలు దెబ్బ. వాటర్ దెబ్బలు దానికి సగమే తగులుతాయి. నీ గ్రాస్ మూవ్ మాత్రం క్వాగ్‌సైర్‌కి నాలుగు రెట్లు! గ్యారడోస్ మీద గ్రాస్ వాడకు, ఫ్లయింగ్ దాన్ని సగం చేసి ఒకటికి తెచ్చేస్తుంది, దానికి నీ స్పార్కే కరెక్టు.

మిర్చియార్డు_రోడ్డు:
వైర్‌మ్యాన్ అన్న చెప్పింది కరెక్టే. బట్టీ విషయానికొస్తే, పొలం చూసినవాళ్లకి పట్టికలో చాలా భాగం ఊరికే వచ్చేస్తుంది. బగ్ గ్రాస్‌ని కొడుతుందని, మా మిర్చి తోటలో తామర పురుగు పడిన ఏడు చూశాక నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దుక్కి దున్నుతుంటే వెనకాలే కొంగలు దిగి పురుగుల్ని ఏరుకు తింటాయి, ఫ్లయింగ్ బగ్‌ని కొట్టడమంటే అదే. కలుపు మందు కొడితే గడ్డి మాడిపోతుంది, పాయిజన్. కొలిమిలో ఇనుము కరుగుతుంది, ఫైర్‌కి స్టీల్ లొంగేది అందుకే అనుకోండి.

సైకిక్ (మనోశక్తి) టైపు బగ్, ఘోస్ట్, డార్క్ దెబ్బలకి ఎందుకు లొంగుతుందా అని చాలా రోజులు ఆలోచించా. పురుగు, దయ్యం, చీకటి, మూడూ మనసుకి భయం పుట్టించేవే కదా అని మా అక్క చెప్పింది, అప్పట్నుంచి మర్చిపోలేదు. డ్రాగన్ దెబ్బ ఫెయిరీకి అసలు తగలకపోవడం లాంటివి మాత్రం ఏ పొలంలోనూ దొరకవు, అవి ఓడిపోతూ నేర్చుకోవాల్సిందే.

పాత_డీఎస్_బాబాయ్:
ఒక్క మాట, ఏ పట్టిక చూస్తున్నావో చూసుకో అబ్బాయ్. అసలు డైమండ్ 2006లో వచ్చినప్పుడు టైపులు 17. ఫెయిరీ 2013లో ఎక్స్, వై ఆటలతో వచ్చింది, అప్పుడే స్టీల్‌కి ఘోస్ట్, డార్క్ దెబ్బల్ని సగం చేసే బలం పోయింది. నువ్వు ఆడుతున్నది 2021 రీమేక్, అందులో 18. నేను పాత గైడు నమ్ముకుని స్టీల్‌దాన్ని దింపి, మా బావమరిది ముందు పరువు పోగొట్టుకున్నా, రెండు వారాలు అదే చెప్పి నవ్వాడు.

అలాగే భవానీ ఐలాండ్‌లో ఫోన్లు పట్టుకు తిరిగే పోకెమాన్ గో బ్యాచ్ లెక్కలు ఇక్కడ కలపకు. వాళ్లకి 2 బదులు 1.6, సున్నా అసలు ఉండదు, గ్రౌండ్‌కి కూడా కరెంటు ఎంతో కొంత తగులుతుంది. ఇంకోటి, ఒకసారి ఎదురుపడిన పోకెమాన్ మీద ఏ మూవ్ ఎలా పడుతుందో నీ ఆటే మూవ్ దగ్గర రాసి చూపిస్తుంది. దాన్ని చూడకుండా స్పార్క్ నొక్కుతూ కూర్చుంటే ఎవరేం చేస్తారు.

బ్రాడీపేట_4వలైను:
బాబాయ్, అది ఇప్పుడే చూశా, మూడు రోజుల నుంచి అక్కడే ఉంది 😅

అయిపోయింది! రోజీలియా మెగా డ్రెయిన్ (గ్రాస్ మూవ్) ఒక్కటి కొడితే క్వాగ్‌సైర్ పని అయిపోయింది, ఇంట్లో నా అరుపుకి అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. తర్వాతి జిమ్ హార్ట్‌హోమ్‌లో, అంతా దయ్యాలట. నార్మల్ మూవ్‌లు ఘోస్ట్‌కి తగలవని ఈసారి ముందే చూసుకున్నా. పనికిరాదని నిన్న రాత్రి లక్సియోకి బైట్ తీసేసి వేరేది నేర్పించబోయి ఆగిపోయా, అది డార్క్ అని అన్న చెప్పాడుగా, ఘోస్ట్ మీద 2 అంట.