కంప్యూటర్లన్నీ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది: సర్క్యూట్లను ఎలా విభజించాలి?

హనుమకొండలో లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు దగ్గర దుకాణాల వైరింగ్ నేర్చుకుంటున్నాను. ఒక కోచింగ్ సెంటరులో 18 కంప్యూటర్ల సాకెట్లన్నీ 40 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్ల రెండు పోళ్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఒక్కదాని కిందే ఉన్నాయి. ఉదయం మెయిన్ వేసి అన్నింటికీ ఒకేసారి సరఫరా ఇస్తే అది వెంటనే పడిపోతోంది. ఒక్కొక్కటిగా వేస్తే నిలుస్తోంది కానీ, మధ్యాహ్నంలోపు మళ్లీ పడుతోంది.

లోడు తీసేసి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఎర్త్‌తో పరీక్షించగా 50 మెగాఓములకు పైనే వచ్చింది, అంటే వైరింగ్ ఇన్సులేషన్ బాగానే ఉంది. న్యూట్రల్ మరో సర్క్యూట్‌తో కలవలేదు. కొత్త ఆర్‌సీసీబీ మార్చినా ఫలితం లేదు. సగం కంప్యూటర్లు తీసేస్తే మాత్రం రోజంతా నిలుస్తోంది. అన్నీ నడుస్తున్నప్పుడు లీకేజీ క్లాంప్ మీటరు 17 మిల్లీ ఆంపియర్లు చూపింది; 30 మిల్లీ ఆంపియర్ల పరికరం 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు కాబట్టి, కారణం కంప్యూటర్ల పవర్ సప్లైలలోని ఫిల్టర్ల నుంచి ఎర్త్‌కు పోయే లీకేజీయేనని నా అభిప్రాయం. 100 మిల్లీ ఆంపియర్లది పెట్టమని కొందరన్నారు. పిల్లలు చేతులు పెట్టే సాకెట్లకు ఆ రక్షణ సరిపోదు కనుక నేను అందుకు ఒప్పుకోలేను.

విడి న్యూట్రల్‌తో ఆర్‌సీబీఓలు (లీకేజీతో పాటు ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్‌లకూ పడే బ్రేకర్లు) పెట్టి విభజించాలనుకుంటున్నాను. ఇలాంటి చోట్ల పనిచేసినవారు, ఒక్కో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ కింద గరిష్ఠంగా ఎన్ని కంప్యూటర్లు ఉంచుతున్నారో దయచేసి చెప్పగలరా?