స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు రెడ్ డాట్ మంచిదా, 1-4 రెట్ల స్కోపు మంచిదా?

హనుమకొండ శివారులో మా మామిడితోట గోడకు కాగితాలు అంటించి 0.177 అంగుళాల గుళ్లు వాడే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌తో గురి సాధన చేస్తుంటాను (పిట్టల జోలికి పోను). దూరం 10 నుంచి 25 మీటర్లు.

నాకు ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేక చూపు చెదిరే లోపం) ఉంది. దుకాణంలో రెడ్ డాట్ (అద్దంలో వెలిగే ఎర్ర చుక్కతో గురి చూపే సాధనం) లోంచి చూస్తే చుక్క తోకచుక్కలా సాగి కనిపించింది. చుక్క వెలుతురు తగ్గిస్తే కొంత నయమే కానీ, మన ఎండలో ఆ చుక్క ఆనదు. స్కోపు గీతలతో ఆ బెడద లేదు. అయితే చాలా స్కోపుల్లో పారలాక్స్ (కన్ను జరిగితే గీతలు గురి మీద నుంచి జరిగినట్టు కనిపించడం) 100 గజాలకు సరిచేసి ఉంటుంది. 10 మీటర్లలో కన్ను కాస్త పక్కకు జరిగితే గురి ఎంత తప్పుతుంది? పైగా స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా కుదుపుతుంది. మామూలు స్కోపులు దానికి పాడవుతాయి. అట్టపెట్టె మీద 'ఎయిర్ గన్‌కు అనువైనది' అని ఉంటే నమ్మవచ్చా?

ఇలాంటి రైఫిల్ మీద చాలాకాలం వాడినవారు చెప్పండి. పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసే సాధనం) సలహా మాత్రం వద్దు, నేను పోటీలకు వెళ్లేవాడిని కాదు.