అప్‌డేట్: తాతయ్య పెట్టెలో దొరికిన నది ఒడ్డు భవనం ఫోటో

మా తాతయ్య ట్రంకు పెట్టెలో దొరికిన పాత ఫోటోలో నది ఒడ్డున ఉన్న ఆ పెద్ద భవనం ఏంటి, ఫోటో పసుపెక్కిపోతోంది, లామినేషన్ చేయించనా అని పోయిన నెల అడిగాను కదా. మీరంతా వద్దన్నారు, చేయించలేదు. చాలా థ్యాంక్స్.

అది లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న పార్లమెంటు. ఇంట్లో అందరం కలకత్తా అనుకునేవాళ్లం! పక్కనున్న వంతెనకి ఏడు కమాన్లు లెక్కపెట్టాను. ఆ వెస్ట్‌మినిస్టర్ వంతెనని 1862లో తెరిచారు, కాబట్టి ఫోటో అంతకంటే పాతది కాదు.

శ్రీకాకుళంలో వాచీలు బాగుచేసే ఆయన దగ్గర భూతద్దం అడిగి తీసుకుని చూశాను. బొమ్మలోంచి కాగితం పీచు సన్నగా కనబడింది, నీడలు వక్క రంగులో ఉన్నాయి. అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితమే అనిపిస్తోంది. 1890ల దాకా ఎక్కువగా ఇదే వాడేవారు. ఆ సొనే కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, తుడిస్తే పోయేది కాదు.

మా ఇల్లు నాగావళికి దగ్గర, వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి. అందుకే గోడకి తగిలించలేదు. యాసిడ్ లేని కాగితంలో పెట్టి బీరువా మధ్య అరలో పడుకోబెట్టాను. మూల చిరిగిన చోట టేపు కూడా వేయలేదు. అమ్మ చూస్తానన్నప్పుడల్లా చేతులు పొడిగా తుడుచుకుని అంచులే పట్టుకోమంటున్నాను.