నాన్నగారి కొలోస్టమీ బ్యాగు రెండో రోజుకే లీకవుతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాం?

అడిగినవారు: అంబాజీపేట అమ్మాయి

అందరికీ నమస్కారమండి. మా నాన్నగారికి 64 ఏళ్లు. పెద్దపేగు చివర క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి, బొడ్డుకి ఎడమవైపు కింద స్టోమా (మలం బయటికి రావడానికి పొట్ట మీద తెరిచిన పేగు నోరు) పెట్టారు, ఇక ఎప్పటికీ బ్యాగేనన్నారు. ఇంటికొచ్చి రెండు నెలలు దాటింది. చర్మానికి అంటించే ప్లేటు వేరు, దానికి తగిలించే బ్యాగు వేరుగా వచ్చే రకం వాడుతున్నాం. మొదట్లో ప్లేటు నాలుగు రోజులు ఉండేది, ఇప్పుడు రెండో రోజు సాయంత్రానికే కింది అంచు నుంచి కారిపోతోంది, పంచె, దుప్పటి అన్నీ పాడైపోతున్నాయి. స్టోమా చుట్టూ చర్మం ఎర్రగా పచ్చిపుండులా అయింది, ముట్టుకుంటే మంటంటున్నారు. అమ్మ రోజూ రాత్రి కాస్త కొబ్బరినూనె రాస్తోంది. శుభ్రం చేసేది డెట్టాల్ నీళ్లతో. డిశ్చార్జి రోజు నర్సుగారు స్టోమా కొలిచి 40 మి.మీ. అని రాసిచ్చారు, ఆ కొలతకే పది ప్లేట్లకి ఒకేసారి రంధ్రం కత్తిరించి పెట్టుకున్నాం.

అన్నిటికన్నా బాధేమిటంటే, బ్యాగు నిండుతుందని భయపడి నాన్నగారు తిండి తగ్గించేశారు. మధ్యాహ్నం రెండు ముద్దల పెరుగన్నం, రాత్రి ఏమీ లేదు. గుమ్మం దాటి అరుగు మీదికి కూడా రావట్లేదు. ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

జవాబు: పాలకొల్లు బాబాయ్

అమ్మా, నాకు బ్యాగు పెట్టి అయిదేళ్లయింది, నా బ్యాగు నేనే మార్చుకుంటాను. నువ్వు రాసిందాంట్లో ముందు నా కంటపడింది ఆ 40 కొలత. ఆపరేషనైన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు తీసి చిన్నదవుతుంది. నాది 38 నుంచి 30కి వచ్చింది. మీరింకా పాత కొలతకే కత్తిరిస్తే స్టోమాకీ ప్లేటుకీ మధ్య ఉంగరంలా కొంత చర్మం బయటికే ఉండిపోతుంది, మలం తగిలేది దానికే. అది ఒరిసి తడి ఊరుతుంది, తడి మీద జిగురు పట్టదు, మళ్లీ లీకు. కాబట్టి కత్తిరించి పెట్టుకున్న ఆ ప్లేట్లు పక్కన పెట్టి, ఈరోజే మళ్లీ కొలవండి. పెట్టెలో గుండ్రటి రంధ్రాలున్న కొలత అట్ట ఉంటుంది. స్టోమా కన్నా రెండు మూడు మి.మీ. మాత్రమే ఎక్కువ ఉండేలా కత్తిరించాలి. కోలగా ఉంటే పల్చటి ప్లాస్టిక్ కవరు పైన పెట్టి ఆకారం గీసి, దాన్నిబట్టి కత్తిరించండి. కత్తిరించాక అంచు మీద వేలు తిప్పి నున్నగా చేయడం మర్చిపోవద్దు, గరుకుగా ఉంటే గీసుకుంటుంది.

ఇంకొకటి, తీసిన ప్లేటుని వెంటనే చుట్టి పారేయకు. తిప్పి జిగురు వైపు చూడు. ఒక పక్క తెల్లగా ఉబ్బి, గోధుమరంగు చార రంధ్రం నుంచి అంచుదాకా పాకి ఉంటుంది, లీకు దారి అదే. నాకు ఎప్పుడూ కింద ఆరు గంటల ముల్లు ఉండే చోటే కనిపించేది. ఎందుకా అని అద్దం ముందు కూర్చుని చూసుకుంటే, కూర్చున్నప్పుడు సరిగ్గా అక్కడ పొట్ట మీద ఒక మడత పడుతోంది. పడుకున్నప్పుడు అది కనిపించదు. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి చూడు, మడత ఉంటే అక్కడ స్టోమా పేస్టు సన్నగా పెట్టి గుంట పూడ్చాలి. పేస్టు ఎక్కువ పూస్తే ఎక్కువ అతుకుతుందనుకోవద్దు, అది పూడ్చడానికే, జిగురు కాదు. పచ్చిపుండు మీద చురుక్కుమంటుంది కూడా, చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది.

మార్చేది పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందు. అప్పుడు పేగు నిమ్మళంగా ఉంటుంది. తిన్నాక మొదలుపెడితే సగం పనిలో ఉండగా వచ్చేస్తుంది, టెన్షన్. ముందు బ్యాగు ఖాళీ చేసి, పై అంచు నుంచి కిందికి, ఒక చేత్తో చర్మం నొక్కి పట్టుకుని మెల్లగా ఒలవాలి, లాగకూడదు. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి పాత నూలుగుడ్డ చాలు. తర్వాత అద్దుతూ పూర్తిగా ఆరనివ్వాలి. మన డెల్టాలో వేసవిలో ఒళ్లు ఆరడమే కష్టం, నేను ఫ్యాను కింద కూర్చుని అయిదు నిమిషాలు ఆగుతాను, కరెంటు లేకపోతే విసనకర్రే. ఆ లోపల కొత్త ప్లేటుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుంటే జిగురు మెత్తబడుతుంది. నిలబడి గానీ వెనక్కి వాలి గానీ పొట్ట చదునుగా పెట్టుకుని, కింది నుంచి పైకి అంటించి, అరచెయ్యి దాని మీద రెండు నిమిషాలు అలాగే ఉంచాలి. నేను మొదటి ఏడాది ఈ చివరిదే వదిలేసేవాణ్ణి.

జవాబు: సర్జికల్ వార్డు నర్సు, కాకినాడ

బాబాయ్‌గారు చెప్పినదంతా సరైనదేనండి. నేను మందుల సంగతి చెప్తాను. కొబ్బరినూనె, డెట్టాల్, స్పిరిట్, బేబీ పౌడరు అన్నీ ఈ పూటతో ఆపేయండి. నూనె ఉన్నచోట ఎంత ఖరీదైన ప్లేటైనా అతకదు, డెట్టాల్ పుండుని ఇంకా కాలుస్తుంది. అమ్మగారు ప్రేమతోనే రాస్తున్నారు, కోప్పడకుండా చెప్పండి. పచ్చిగా ఉన్న చోట స్టోమా పౌడరు చల్లి, మిగిలింది గుడ్డతో దులిపేసి అప్పుడు ప్లేటు పెట్టండి. పౌడరు మందంగా ఉంటే అది కూడా అతకనివ్వదు.

ఎరుపు ఏ ఆకారంలో ఉందో చూడండి. స్టోమా చుట్టూ ఉంగరంలా ఉంటే లీకు వల్ల. ప్లేటు ఎంత మేర ఉందో సరిగ్గా అంత మేరా ఉంటే ఆ జిగురు ఒంటికి పడలేదేమో, వేరే రకం చూడాలి. చిన్న చిన్న పొక్కులతో దురద ఎక్కువగా ఉంటే చెమట వల్ల ఫంగస్ కావచ్చు, డాక్టరుగారికి చూపించండి, మెడికల్ షాపులో అడిగి ఆయింట్‌మెంటు రాయొద్దు.

స్టోమా మామూలుగా నోటి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే దానికి నొప్పి తెలియదు, అందుకే ప్లేటు ఒరుసుకున్నా ఆయన చెప్పలేరు, మీరే చూడాలి. తుడిచేటప్పుడు గుడ్డకి కాస్త రక్తం అంటితే కంగారు వద్దు. కానీ స్టోమా నీలంగా, నల్లగా మారినా, రక్తం ఆగకుండా కారినా, మలం గానీ గాలి గానీ రాకుండా పొట్ట ఉబ్బి నొప్పీ వాంతులూ ఉన్నా, ఉన్నట్టుండి బాగా పొడుగ్గా బయటికొచ్చినా, తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జవాబు: భీమవరం నుంచి ఒక భార్య

చెల్లీ, మావారిది కూడా ఇదే కథ. తిండి మానేస్తే బ్యాగు ఆగదమ్మా, గాలి పెరుగుతుంది, మనిషి నీరసించిపోతాడు. వేళకి కొంచెం కొంచెంగా పెట్టు, నెమ్మదిగా నమిలి తినమను. వాసన గురించి బెంగైతే ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీ, గుడ్డు, చేప తిన్న రోజు ఎక్కువుంటుంది, మజ్జిగ తాగితే కొంత తగ్గుతుంది. అలాగని చేపలపులుసు జన్మలో వద్దని చెప్పకు. పనసపొట్టు లాంటి పీచు కూరలు మాత్రం డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి.

బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేయించు. నిండేదాకా ఉంచితే ఆ బరువుకే ప్లేటు ఊడుతుంది. గాలికి ఉబ్బితే కింది క్లిప్పు తీసి వదలాలి గానీ పిన్నుతో పొడవొద్దు, మేం అలా చేసి ఒకరోజంతా వాసనతో అవస్థపడ్డాం. పంచె ముడి ఎక్కడ పడుతోందో కూడా చూడు. మావారికి లుంగీ ముడి సరిగ్గా ప్లేటు మీదే బిగిసేది, మేం చూసుకోలేదు. ఇప్పుడు పక్కకి, వదులుగా కడుతున్నారు. బ్యాగుకీ ఒంటికీ మధ్య పల్చటి నూలు సంచీ కుట్టి తొడిగితే చెమటకి పేలదు. తీసిన బ్యాగులో ఉన్నది లెట్రిన్‌లో పోసేసి, పేపర్లో చుట్టి కవరులో కట్టి చెత్తబండికివ్వాలి, కాలవలో వేయకండి. బయటికి వెళ్తే చేతిసంచీలో ఒక కత్తిరించిన ప్లేటు, బ్యాగు, గుడ్డ, నీళ్ల సీసా. ఆ సంచీ ఉందన్న ధైర్యంతోనే మావారు మొన్న మాఘంలో అంతర్వేది కల్యాణానికి కూడా వచ్చారు.

అడిగినవారు: అంబాజీపేట అమ్మాయి

అందరికీ ఎంతో రుణపడి ఉన్నానండి. తొమ్మిది రోజులైంది రాసి. కొలిస్తే 31 వచ్చింది! 40కి కత్తిరిస్తున్నాం మేము. ఆ రంధ్రం చూసి అమ్మ ఏడ్చేసింది. బాబాయ్‌గారు, మడత కూడా ఉందండి, మీరు చెప్పిన చోటే. మొదటి ప్లేటు మూడో రోజు మధ్యాహ్నం ఎండలో పెరట్లోకి వెళ్లొచ్చాక కొంచెం వదులైంది, లీకు కాకముందే మార్చేశాం. రెండోది నాలుగు రోజులు నిలిచింది, తిప్పి చూస్తే చార లేదు. పుండు పైపైన పొర కట్టింది, మంట లేదంటున్నారు, అయినా వచ్చే వారం డాక్టరుగారికి చూపిస్తాం.

నిన్న రాత్రి అన్నం అడిగారు. రేపు పొద్దున్న కాఫీకి ముందు మళ్లీ మార్చాలి, ఈసారి కత్తెర నేను పడతానన్నారు నాన్నగారు.