కృష్ణ ఒడ్డున ఫ్లాట్: పైల్స్ వేస్తే భూకంపం భయం లేనట్టేనా?

బెజవాడ_కుర్రాడు:
2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా. విజయవాడలో మా ఐదో అంతస్తులో ఫ్యాన్ ఊగింది, స్టాండులో గిన్నెలు గలగలలాడాయి. హైదరాబాద్‌లో మా బావకి ఏమీ తెలియలేదట. రెండు ఊళ్లూ అక్కడికి ఇంచుమించు 200 కిలోమీటర్లే. ఇప్పుడు కృష్ణ ఒడ్డున ఫ్లాట్ చూస్తున్నాం. "పైల్స్ వేశాం సార్, టెన్షన్ పడకండి" అంటున్నాడు బిల్డర్. పైల్స్ అంటే పునాది కింద నేలలోకి లోతుగా దించే స్తంభాలట. నమ్మొచ్చా?

మట్టి_ఇంజనీర్:
ముందు మీ బావగారు ఏ అంతస్తులో ఉన్నారో అడగండి. కింద ఉంటే అసలు తెలియకపోవచ్చు. అయితే నేల తేడా కూడా నిజమే. హైదరాబాద్ కింద గ్రానైట్, మీ కింద కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. తరంగాలు రాతిలోంచి మెత్తటి నేలలోకి రాగానే వేగం తగ్గి, ఊపు పెంచుకుంటాయి.

పైగా ప్రతి మట్టి పొరకీ దాని మందాన్ని బట్టి సొంత ఊపు, అంటే ఒకసారి ఊగి రావడానికి పట్టే సమయం, ఉంటుంది. బిల్డింగుకీ ఉంటుంది, మోటు లెక్కన అంతస్తుకి 0.1 సెకను. రెండూ దగ్గరైతే ముప్పు బాగా ఎక్కువ. 1985లో మెక్సికో నగరానికి భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైనే. అయినా పాత సరస్సు బంకమట్టి మీద, రాతి మీదున్న యూనివర్సిటీ దగ్గరకన్నా నాలుగైదు రెట్లు బలంగా ఊగింది, సుమారు 2 సెకన్లకోసారి. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తులవి. పగుళ్లు వచ్చేకొద్దీ బిల్డింగు ఊపు నెమ్మదించి ఆ 2 సెకన్లకు దగ్గరవుతుంది. చిన్న ఇళ్లు చాలావరకు నిలిచాయి.

పైల్స్ బరువు మోస్తాయి, నేల ఊపుని ఆపవు. ఒడ్డున నీళ్లు నిండిన వదులు ఇసుక ఉంటే అది ఊపుకి పట్టు వదిలేస్తుంది, అది వేరే తలనొప్పి. సాయిల్ రిపోర్ట్ అడగండి. బోర్ ఎంత లోతు వేశారు, ఎన్ విలువలు (బోర్‌లో గొట్టం దిగడానికి పడ్డ సుత్తి దెబ్బల లెక్క, తక్కువైతే నేల మెత్తన) ఎంత, నీళ్లు ఎక్కడ తగిలాయి, ఈ మూడూ చూడండి.

సాబర్మతి_తెలుగు:
2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్‌లోనే ఉన్నాను. భుజ్ మాకు 200 కిలోమీటర్ల పైనే. అయినా అపార్ట్‌మెంట్లు కూలాయి. సాబర్మతి పాత పాయలు పూడిన చోట దెబ్బ ఎక్కువని తర్వాత తేల్చారు. కింద గోడల్లేకుండా స్తంభాల మీద పార్కింగ్ వదిలినవే ఎక్కువ పోయాయి. మట్టితో పాటు అదీ చూసుకోండి.

బెజవాడ_కుర్రాడు:
మాదీ స్టిల్ట్ పార్కింగే అండీ! రిపోర్ట్ అడిగితే "ఆఫీసులో ఉంది" అని దాటేస్తున్నాడు.

మట్టి_ఇంజనీర్:
స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగండి. అందులో జనరల్ నోట్స్ ఉంటాయి. భూకంపాలకి తట్టుకునేలా కట్టడానికి మన దేశ ప్రమాణం ఐఎస్ 1893, దాని ప్రకారం ఏ రకం నేల తీసుకున్నారో అక్కడ రాసి ఉండాలి. మెత్తటి నేల మీద కడుతూ గట్టి నేల అని రాసుంటే అడ్వాన్స్ ఇవ్వకండి.