టీపీఏను నానోకణాలకు అతికించేటప్పుడు అర్జినిన్ అడ్డు ఎలా తప్పించాలి?

అందరికీ నమస్తే. స్ట్రోక్‌లో మెదడు రక్తనాళాన్ని మూసేసిన గడ్డ దగ్గరికే టీపీఏ (గడ్డను కరిగించే ప్రోటీన్ మందు) చేరేలా, దాన్ని పీఎల్‌జీఏ (శరీరంలో కరిగిపోయే పాలిమర్) నానోకణాల మీద అతికించే పని హనుమకొండలో నడుస్తోంది. కణాలు 150 నానోమీటర్లు. గడ్డలోని ప్లేట్‌లెట్లను పట్టుకోవడానికి ఆర్‌జీడీ పెప్టైడ్. అటువైపు ఇబ్బంది లేదు.

చిక్కంతా ఆల్టెప్లేస్ (మందుగా దొరికే టీపీఏ) వయల్‌తోనే. 50 మిల్లీగ్రాముల వయల్‌లో 1.7 గ్రాముల అర్జినిన్ అనే అమైనో ఆమ్లం కలిసి ఉంటుంది, అంటే ఒక్కో టీపీఏ అణువుకు పది వేలకు పైగా అర్జినిన్ అణువులు! ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ అనే అతికింపు రసాయనాలతో కణాల మీది కార్బాక్సిల్‌ను సిద్ధం చేయగానే అర్జినిన్‌లోని అమైన్ వచ్చి కూర్చుంటుంది, టీపీఏకు చోటు మిగలదు. పోనీ డీసాల్టింగ్ కాలమ్‌లో అర్జినిన్ తీసేద్దామంటే, టీపీఏను కరిగించి ఉంచేదే అది. పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్)లోకి మార్చగానే ద్రావణం మసకబారి, స్పిన్ చేస్తే ట్యూబు అడుగున తెల్లటి పొర దిగుతోంది.

ట్రిస్, గ్లైసిన్ పనికిరావు, వాటిలోనూ అమైనే. హెపెస్ బఫర్‌లో ఉప్పు 0.5 మోలార్ దాకా పెంచితే టీపీఏ నిలుస్తుందా? అంత ఉప్పులో కణాలే గుంపుకట్టేస్తాయేమోనన్నది అసలు భయం. లేక సిస్టీన్‌లోని సల్ఫర్‌ను పట్టుకునే మాలిమైడ్ దారే మేలా? దానికి అర్జినిన్ అడ్డురాదు. కానీ టీపీఏలోని 35 సిస్టీన్లలో జత లేనిది ఒక్కటే, 83వది. అది మాలిమైడ్‌కు అందుతుందా?

ఇంకో మాట: అతికించాక చిన్న సబ్‌స్ట్రేట్‌తో చూస్తే టీపీఏ బాగానే పనిచేస్తున్నట్టు కనబడుతుంది, ఫైబ్రిన్ (గడ్డను కట్టే ప్రోటీన్) ప్లేట్ మీద మాత్రం కరిగిన వలయం చిన్నదవుతోంది. టీపీఏలో ఫైబ్రిన్‌ను పట్టుకునే క్రింగిల్ 2 భాగం దగ్గరి లైసిన్లు కప్పుకుపోవడం వల్లేనా? ఈ పని చేతులతో చేసినవాళ్లు బఫర్, పీహెచ్, ఉప్పు మోతాదులతో సహా చెప్పండి, ప్లీజ్.