నలుగురితో నారాయణ: ఆ నలుగురు ఎంతమంది?

'నలుగురితో నారాయణ', 'గుంపులో గోవిందయ్య' ఒకటేనని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోలేను. గోవిందయ్య గుంపులో కలిసిపోయినవాడు, ఉన్నా లేకపోయినా తెలియదు. 'నారాయణ' అని పలికినవాడు అలా కాదు. చుట్టూ చూశాడు, లెక్కపెట్టుకున్నాడు, నలుగురయ్యాక నోరు విప్పాడు.

మాది విశాఖ. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్ల నడక. అప్పుఘర్ దాటేసరికి కాళ్ళు పీకుతుంటాయి, ఎవరూ మాట్లాడరు. ఎవరో ఒకరు 'గోవిందా' అంటారు. ఒక్కోసారి ఆ గొంతు ఒంటరిగా ఆగిపోతుంది, ఒక్కోసారి రోడ్డు పొడవునా అందుకుంటారు. భక్తిలో తేడా అనుకునేవాణ్ణి.

మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978లో ఇలాంటిదానికే లెక్క కట్టాడు. ఆయన చూపిన ఉదాహరణ అల్లరి మూకది. 100 మందిలో ఒక్కొక్కరికీ ఒక అంకె: ఎంతమంది దిగాక నేను దిగుతాను? ఒకరిది 0, ఇంకొకరిది 1, తర్వాత 2, అలా 99 దాకా. సున్నా మనిషి కదిలితే వరసగా అందరూ కదులుతారు. ఆ 1 మనిషి బదులు ఇంకో 2 మనిషిని పెట్టండి. మొదటివాడు ఒక్కడే మిగిలిపోతాడు! మిగతా 99 మందీ పాతవాళ్ళే. మన సామెతలో ఆ అంకె పేరే నలుగురు.

ఈ మాట చెబితే ఒకమ్మాయి అడిగింది:

— మాష్టారూ, నలుగురంటే నిజంగా నాలుగా? 'నలుగురూ ఏమనుకుంటారే' అని మా అమ్మమ్మ అంటే ఊరంతా అనేగా?

— ఊరేనమ్మా. నలుగురు, పదిమంది అంటే లోకం. ఐదుగురికీ తొమ్మిదిమందికీ ఆ యోగం పట్టలేదు. కానీ ఊరంతటినీ ఎవరు చూడగలరు? అమ్మమ్మ కంటికి ఆనే ఇళ్ళవాళ్ళే ఆవిడకి ఊరు. ఎవరికి ఎవరు కనిపిస్తారు, ఎవరి మాట ఎవరికి చేరుతుంది అనే నెట్‌వర్క్ లెక్కలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

పోయిన నెల మా వీధికి రెండు రోజులు నీళ్ళు రావని వాట్సాప్‌లో నాలుగు చోట్ల నుంచి వచ్చింది. నమ్మి, బిందెలన్నీ నింపి, ఇంకో ఇద్దరికి పంపాను. అడుగుతూ పోతే నాలుగూ ఒకే మనిషి దగ్గర తేలాయి. నీళ్ళు మామూలుగానే వచ్చాయి. డిమార్జో, వాయనోస్, జ్వీబెల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2003లో రాసిన నమూనాలో ఇదే ఉంది: విన్నదే మళ్ళీ వింటే కొత్త సాక్ష్యంగా జమ వేసుకుంటాం. అందుకే మాట చెల్లుబాటు కావడానికి దాని నిజం ఒక్కటే చాలదు, చెప్పినవాడికి ఎన్ని దారులున్నాయన్నదీ లెక్కలోకి వస్తుంది.

సామెతలోని నలుగురు వేరువేరు నోళ్ళు కావాలి, లేకపోతే అది నలుగురు కాదు. మా ఇంట్లో ఈ మాట దెప్పడానికే వాడేవారు. మెచ్చుకోలుగా విన్నవారుంటే ఏ ఊరో, ఏ సందర్భమో రాయండి.